మోకాలి అరుగుదల: "ఎక్సర్‌సైజులు పని చెయ్యలేదు" అన్న 67 ఏళ్ల మహిళకు 12 వారాల వ్యాయామం (కేస్ స్టడీ)

కేసు వివరాలు

కోస్తా పల్లెలో ఉండే 67 ఏళ్ల గృహిణి. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, బీఎంఐ 30.7. బీపీకి టెల్మిసార్టాన్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. కుడి మోకాలి నొప్పి ఆరేళ్లుగా ఉంది, ఎడమ మోకాలిది అప్పుడప్పుడూ. ఎనిమిది నెలల క్రితం నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలివైపు కీలు సందు బాగా తగ్గింది. అరుగుదలను 0 నుంచి 4 దాకా లెక్కగట్టే కెల్‌గ్రెన్-లారెన్స్ కొలమానంలో కుడిది 3వ గ్రేడు, ఎడమది 2వ గ్రేడు. "గుజ్జు అరిగిపోయింది, ఇక ఎక్కువ నడవకూడదు" అని ఎవరో చెప్పిన దగ్గర్నుంచీ నడక మానేశారు. నొప్పి ముదిరింది సరిగ్గా ఆ ఎనిమిది నెలల్లోనే.

వచ్చేనాటికి దాదాపు రోజూ ఒక ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ నొప్పిబిళ్ళ మింగుతున్నారు, మందుల షాపులో అడిగి కొనుక్కున్నదే. ఇంతకుముందు పది సిట్టింగులు కరెంటు పెట్టించుకున్నారు, మైనం కాపడమూ అయింది. దాంతోపాటు చేతికిచ్చిన కాగితంలో కాలు తిన్నగా పైకెత్తే వ్యాయామం ఒకటి ఉంది, బరువు లేకుండా, రోజుకు పదిసార్లు. రెండు వారాలు చేసి వదిలేశారు. "ఎక్సర్‌సైజులు చేశానండీ, నాకు పని చెయ్యలేదు" అన్నది ఆమె మాట. ఈ వయసులో మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లలో చాలామంది నోట వినిపించేదీ ఇదే. ఆ కాలి కండరాలకే బరువు కట్టి, దాన్ని లెక్క ప్రకారం పెంచుతూ పోతే ఏం జరిగిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాం.

మొదటి పరీక్షలో కనబడినవి

ముందు తేల్చుకోవాల్సింది నొప్పి నిజంగా మోకాలిదేనా అని. తుంటి కీలు అరిగినా నొప్పి మోకాలి దగ్గరే తెలియడం మామూలే. అందుకని వెల్లకిలా పడుకోబెట్టి తుంటిని లోపలికి తిప్పి చూశాం, నొప్పి లేదు. నడుం నుంచి కాల్లోకి జారే లాగుడు లేదు. జ్వరం, మోకాలు వేడెక్కి ఎర్రబడడం, నిద్రలోంచి లేపేసే నొప్పి, పిక్క వాపు, మోకాలు మధ్యలో పట్టేసి కదలకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఇవేవీ లేవు. వీటిలో ఒక్కటున్నా వ్యాయామం మొదలుపెట్టకుండా డాక్టరు దగ్గరికి పంపేవాళ్లం. పొద్దున లేచాక బిగుసుకుపోవడం పావుగంటలో వదులుతోంది. అది అరుగుదల తీరే. కీళ్లవాతంలో గంటా, ఆ పైన కూడా ఉంటుంది.

నొప్పి 0 నుంచి 10 లెక్కలో మెట్లెక్కేటప్పుడు 7, నడకలో 5, కూర్చుంటే 2. కుడి మోకాలు పూర్తిగా చాపుకోవడానికి 8 డిగ్రీలు తక్కువ, మడత 105 డిగ్రీలు. లోపల కొద్దిగా నీరు. చీలమండకు బరువు కట్టి, కుర్చీలో కూర్చుని కాలు చాపమంటే పదిసార్లు ఎత్తగలిగిన గరిష్ఠ బరువు కుడివైపు 2.5 కిలోలు, ఎడమవైపు 4. కుడికాలి మీద నిలబడితే ఎడమ తుంటి కిందికి జారి, ఒళ్లు కుడికి ఒరిగిపోతోంది. అంటే కుడి తుంటి పక్క కండరం కూడా బలహీనమే. ఇచ్చిన కాగితంలో దాని ఊసే లేదు.

చేతులు వాడకుండా 43 సెంటీమీటర్ల కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూస్తే 5. ఆడవాళ్లలో 65 నుంచి 69 ఏళ్ల మధ్య 11 కంటే తక్కువ వస్తే వయసుకు తగిన బలం లేనట్టు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 16.8 సెకన్లు పట్టింది. 12 దాటితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క.

చివరగా రెండు బరువు మిషన్లు పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో పాదం వేసి మామూలుగా నిలబడమన్నాం. కుడి 28 కిలోలు, ఎడమ 43. నొప్పికాలిని తనకు తెలియకుండానే తప్పిస్తున్నారు, తప్పించేకొద్దీ ఆ కాలి కండ ఇంకా కరుగుతోంది. ఎక్స్‌రే కంటే ఈ రెండు అంకెలే ఆమెకు విషయం బాగా అర్థమయ్యేలా చేశాయి.

గుజ్జుకు నాడులు ఉండవు, కాబట్టి నొప్పి పుట్టేది అందులో కాదు. చుట్టూ ఉన్న ఎముక, కీలు పొర, కొవ్వు, కండరపు మొదళ్లు నొప్పి చేస్తాయి. ఎక్స్‌రేలో బాగా అరిగినవాళ్లు హాయిగా నడవడం, కొద్దిగా అరిగినవాళ్లు మంచం పట్టడం అందుకే. అరిగినదాన్ని వ్యాయామం తిరిగి పుట్టించదు. అడుగు వేసినప్పుడు పడే అదురును తొడ కండరం పట్టుకుంటే కీలు మీద భారం తగ్గుతుంది. నీరు చేరిన మోకాలు తొడ కండరానికి వెళ్లే సంకేతాన్ని కూడా అణిచేస్తుంది. అందుకే "బలం పెంచుకో" అని చెప్పి వదిలేస్తే చాలదు, ఆ కండరాన్ని మేల్కొల్పే మెట్టు ఒకటి ముందుండాలి.

మందుల సంగతి

బీపీ మందుతో పాటు నొప్పిబిళ్ళ రోజూ పడితే మూత్రపిండాలకు ముప్పు, బీపీ కూడా పెరుగుతుంది. ఫిజీషియన్ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి, రోజువారీ బిళ్ళ ఆపించి, డైక్లోఫెనాక్ జెల్ రాశారు. మొదటి రెండు వారాలు దీనివల్ల కొంత కష్టంగానే గడిచాయి. వ్యాయామం మొదలుపెట్టడం, బిళ్ళ మానడం ఒకేసారి జరిగితే పెరిగిన నొప్పిని ఇంట్లోవాళ్లు వ్యాయామం ఖాతాలో వేస్తారు. ఇది ముందే చెప్పి ఉంచాలి. గ్లూకోసమిన్ పొడి కూడా వాడుతున్నారు. మోకాలి అరుగుదలకు దాన్ని వాడొద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి. ఆ డబ్బు గుడ్లకూ వేరుశనగలకూ పెట్టమన్నాం.

మొదటి రెండు వారాలు

వారానికి రెండుసార్లు క్లినిక్‌లో, ఒకసారి ఇంట్లో బరువులతో వ్యాయామం, మధ్యలో కనీసం ఒకరోజు ఖాళీ. ఇవికాక రోజూ చేసుకోవాల్సినవి రెండే.

మొదటిది మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఏ ఆనుకోలూ లేకుండా కాలు చాపి పడుకోవడం. 5 నిమిషాలతో మొదలై 10 నిమిషాల దాకా, రోజుకు రెండు పూటలు. చాపు తక్కువైన 8 డిగ్రీల కోసం ఇది. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే హాయిగా ఉంటుంది. ఆమె రోజూ చేస్తున్నదీ అదే, మోకాలు వంగి బిగుసుకుపోవడానికీ అదే దోహదం చేస్తుంది. దిండు తీయించడానికి రెండు వారాలు పట్టింది. రెండోది మోకాలి కింద సన్నగా చుట్టిన తువ్వాలు పెట్టి దాన్ని మంచానికేసి నొక్కి 5 సెకన్లు బిగించడం, పదేసి చొప్పున మూడు విడతలు. మోకాలి చిప్పకు కాస్త పైన, తొడ మీద వేళ్లు పెట్టి చూస్తే కండ గట్టిపడాలి. పిరుదు బిగించి తొడను వదిలేయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.

క్లినిక్‌లో ప్రధానమైనది కుర్చీలోంచి లేవడం. 43 సెంటీమీటర్ల ఎత్తులో నొప్పి 7కి పోతోంది కాబట్టి 52కి పెంచాం. ఇంట్లో దీనికి గట్టి బొంతను మడిచి వేయాలి. మెత్తటి దిండు వేస్తే కూరుకుపోయి లేవడం ఇంకా కష్టమవుతుంది. ప్లాస్టిక్ కుర్చీ అయితే వీపు గోడకు ఆనించాల్సిందే, గచ్చు మీద జారుతుంది. అంచుకు జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, 2 సెకన్లలో లేవాలి, 4 సెకన్లలో కూర్చోవాలి. ఎనిమిదేసి చొప్పున రెండు విడతలు.

ఇందులో చెడేది కూర్చునేటప్పుడే. చివరి నాలుగు వేళ్ల ఎత్తులో దబ్బున పడిపోతారు. నిజానికి తొడ కండరానికి అసలు పని ఆ చివరి భాగంలోనే ఉంది. అక్కడ ఆపుకోలేకపోతే కుర్చీ ఇంకా ఎత్తు పెంచాలి కానీ "మెల్లగా, మెల్లగా" అని అరిచి లాభం లేదు. రెండో తప్పు ఎడమ కాలి మీదే లేవడం. కుడి పాదాన్ని రెండు అంగుళాలు వెనక్కి పెట్టిస్తే బరువు దానంతటదే కుడివైపు పడుతుంది.

తుంటి పక్క కండరానికి ఎడమవైపు తిరిగి పడుకుని కుడికాలు పైకెత్తడం, ఎనిమిదేసి రెండు విడతలు. మడమ వెనక్కి ఉండాలి, కాలివేళ్లు ముందుకు చూడాలి. వేళ్లు ఆకాశం వైపు తిరిగాయంటే పని తొడ ముందు కండరాలు లాక్కున్నట్టు. వీపు, మడమ గోడకు ఆనించి, మడమను గోడ మీద పాకిస్తూ ఎత్తమంటే తప్పు చేసే వీలుండదు. ఇక వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం పదేసి రెండుసార్లు, కాలికి 1.5 కిలోల బరువు కట్టి కూర్చుని చాపడం పదేసి రెండుసార్లు. చాపేటప్పుడు చిప్ప వెనక నొప్పి వచ్చే భాగాన్ని మొదట్లో వదిలేశాం. నడక చదును నేల మీద 6 నిమిషాలు, రెండు పూటలు.

ఇంట్లో బరువు కోసం ఏదీ కొననవసరం లేదు. కిలో ఉప్పు ప్యాకెట్లు గుడ్డసంచిలో వేసి, రెండు వైపులా సమంగా వేలాడేలా చీలమండ మీద కట్టుకుంటే సరిపోతుంది. అరకిలో తేడా కావాలంటే చిన్న ప్యాకెట్లు ఉన్నాయి. ఇసుక సంచి కంటే ఇది మేలు, ఎంత బరువో అట్ట మీదే ఉంటుంది.

ఊపిరి బిగబట్టకుండా ఉండడానికి ప్రతిసారీ పైకి లెక్కపెట్టమన్నాం. బీపీ ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. ఆరోజు బీపీ 180/110 ఉంటే బరువులు లేవు. షుగర్‌ను మరీ దించేయగల గ్లిమెపిరైడ్ వాడుతున్నారు కాబట్టి, షుగర్ 100 లోపు ఉంటే ఒక అరటిపండు తిన్నాకే మొదలు. ఖాళీ కడుపుతో పొద్దున్నే చేయడం మాన్పించి, టిఫిన్ తిన్న గంటన్నరకు మార్చాం.

నొప్పి లెక్క

ఈ కేసులో ఎక్కువ మాటలు ఖర్చయింది దీని మీదే. నొప్పి వస్తే ఆపేయాలన్నది అందరికీ తెలిసిన సూత్రం, అది పాటిస్తే అరిగిన మోకాలికి ఏ వ్యాయామమూ మిగలదు. మేం పెట్టిన నియమం ఇది: చేసేటప్పుడు 5 దాకా నొప్పి ఓర్చుకోవచ్చు. మర్నాడు అదే వేళకు నొప్పి ఎప్పటి స్థాయికి దిగిపోవాలి. దిగితే మోతాదు సరైనదే. దిగకపోయినా, వాపు పెరిగినా, తర్వాతిసారి ఒక విడత తగ్గించాలి లేదా బరువులో మూడోవంతు తీసేయాలి. మానేయడం మాత్రం లేదు. తొడ కండ పట్టేసినట్టు ఉండి రెండు రోజుల్లో వదిలితే అది పని చేసిన గుర్తు. ఆ నొప్పి తొడ మధ్యలో ఉంటుంది, కీలు సందులో కాదు.

పెంచడానికీ లెక్క ఉంది. అనుకున్నదానికంటే రెండుసార్లు ఎక్కువ చేయగలిగితే, అదీ వరసగా రెండు సెషన్లలో, అప్పుడు అరకిలో పెరుగుతుంది లేదా కుర్చీ 2 సెంటీమీటర్లు దిగుతుంది. విడత అయ్యేసరికి "ఇంకో రెండు మూడు చేయగలను" అనిపించాలి. "ఇంకో పది చేస్తాను" అంటే బరువు చాలనట్టే. ముందటి కాగితంలో లేనిది ఇదే. పది అన్నారు, రెండు వారాల తర్వాత కూడా పదే.

కర్ర సంగతికి వస్తే "కర్ర పడితే ముసలిదాన్నయిపోయానంటారు" అని ఒప్పుకోలేదు. బయటికి వెళ్లినప్పుడు, అదీ ఆరు వారాలే అని ఒప్పించాం. నొప్పి కుడివైపు కాబట్టి కర్ర ఎడమ చేతిలో. తిన్నగా నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు.

మూడు నుంచి ఆరో వారం: ధనుర్మాసం, సంక్రాంతి

డిసెంబరు మొదటి వారంలో మొదలుపెట్టాం కాబట్టి మూడో వారానికి ధనుర్మాసం వచ్చేసింది. నెలంతా వాకిట్లో ముగ్గు పెట్టడం ఆమె మొదటిరోజే అడిగిన కోరిక. గొంతుక్కూర్చుని పెద్ద ముగ్గు వేస్తే మోకాలి చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది, అరగంట పని మరి. వద్దనడం కంటే మార్చడం మేలు. మోకాళ్లు కాస్త సడలించి, నిలబడి నడుం వంచి వేయడం, తక్కువ చుక్కల ముగ్గు, ఐదు నిమిషాలకోసారి నిటారుగా నిలబడడం. రంగులు నింపే పని మనవరాలికి.

ఐదో వారానికి కుర్చీ 46 సెంటీమీటర్లకు దిగింది, కాలి బరువు 2.5 కిలోలు, నడక 12 నిమిషాలు. 10 సెంటీమీటర్ల ఎత్తున్న పలక మీదికి ఎక్కి దిగడం చేర్చాం. ఇందులో మోకాలు లోపలికి, అంటే రెండో కాలి వైపు వాలిపోకుండా చూసుకోవాలి. చిప్ప రెండో వేలికి ఎదురుగా ఉందో లేదో ఆమే కిందికి చూసుకునేలా నేర్పాం.

సంక్రాంతికి ముందు అరిసెల పని పడింది. కింద పీట మీద కూర్చుని దాదాపు మూడు గంటలు, మధ్యలో పదేపదే లేవడం. మర్నాటికి నొప్పి 8, నీరు స్పష్టంగా పెరిగింది. "ఎక్సర్‌సైజుల వల్లే మా అత్తగారికి ఇలా అయింది" అని కోడలి ఫోను. ఇలాంటి చోటే ఎక్కువమంది పూర్తిగా మానేస్తారు.

జ్వరం లేదు, మోకాలు మరీ వేడిగా లేదు, కాలి మీద బరువు మోపగలుగుతున్నారు. కాబట్టి ఇది రేగిన కీలు, ప్రమాదం కాదు. పలక ఎక్కడం, కాలి బరువులు ఆపాం. తొడ బిగించడం, మడమ కింద తువ్వాలు, 5 నిమిషాల చదును నడక కొనసాగాయి. తడి గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. షుగర్ ఉన్నవాళ్లకు చర్మంలో స్పర్శ సరిగా ఉందో లేదో చూశాకే ఐసు. నాలుగోరోజుకు నొప్పి 4. అప్పుడు పాత బరువులో మూడింట రెండొంతులతో మొదలుపెట్టాం, ఎనిమిదో వారానికి పాత స్థాయి అందింది. పూర్తిగా పడక వేయించి ఉంటే ఈలోగా తొడ బలం కూడా పోయేది.

ఏడు నుంచి పన్నెండో వారం

తర్వాత పెద్ద విశేషాలు లేవు, బరువులు పెరుగుతూ పోయాయి. పలక 15 సెంటీమీటర్లయింది, కుర్చీ మామూలు ఎత్తుకు వచ్చింది. బరువు తగ్గడం కోసం మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, గుడ్డు, పెరుగు పెంచారు. 71 నుంచి 68.5 కిలోలకు వచ్చారు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని స్టీఫెన్ మెసియర్ బృందం 2005లో కొలిచి చెప్పింది. ఆ లెక్కన ఇక్కడ అడుగుకు 10 కిలోలు.

పదో వారంలో నేల మీంచి లేవడం నేర్పాం. ఈ వయసులో పడితే దెబ్బ కంటే, లేవలేక గంటలకొద్దీ అక్కడే ఉండిపోవడం ఎక్కువ హాని చేస్తుంది. పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, మోకాళ్ల మీదికి వచ్చి, ఎదురుగా కుర్చీ సీటు మీద రెండు చేతులూ ఆనించి, బలమైన ఎడమ పాదాన్ని ముందుకు వేసి దాంతోనే పైకి నెట్టుకోవాలి. అప్పుడు కుడి మోకాలు నేలకు ఆనుతుంది కాబట్టి దాని కింద నాలుగు మడతల బొంత. కుడి పాదం ముందు వేస్తే మోకాలు నేలకు నొక్కుకునే బాధ తప్పుతుంది కానీ సగంలో ఆగిపోతారు.

ఏం మారింది, ఏం మారలేదు

పన్నెండో వారం చివర మెట్ల మీద నొప్పి 7 నుంచి 3కి, నడకలో 5 నుంచి 2కి దిగింది. 30 సెకన్లలో 5సార్లు లేచేవారు 10సార్లు లేచారు. వయసుకు ఉండాల్సిన 11 అందలేదు. 3 మీటర్ల నడక పరీక్ష 11.9 సెకన్లు. చాపు లోటు 8 డిగ్రీల నుంచి 3కి, మడత 112కి వచ్చింది. కుడికాలు పదిసార్లు ఎత్తే బరువు 5 కిలోలు, రెండు మిషన్ల మీద కుడి 33, ఎడమ 35.5. ఆపకుండా నడక 25 నిమిషాలు. నొప్పిబిళ్ళ నెలకు రెండు మూడు, అదీ డాక్టరు రాసిన పారాసిటమాల్. ఎక్స్‌రే మళ్లీ తీయించలేదు. తీయించినా అదే కనబడుతుంది, చూసి మళ్లీ భయపడడం తప్ప ప్రయోజనం లేదు.

మెట్లు దిగేటప్పుడు నొప్పి ఇంకా 4 ఉంది. కింద పావుగంట మించి కూర్చుంటే లేవడానికి ఇబ్బందే. కుడి తుంటి పక్క బలం ఎడమదానికి సమం కాలేదు. తుంటి వ్యాయామానికి ఇంకో విడత మొదట్నుంచీ చేర్చి ఉండవచ్చు, కానీ ఒక సెషన్ 45 నిమిషాలు దాటితే ఈ వయసులో మళ్లీ రావడం తగ్గిపోతుంది.

ఆరు నెలలకు చూస్తే ఎండాకాలంలో వ్యాయామం వారానికి ఒక్కసారికి పడిపోయింది, 30 సెకన్ల కుర్చీ లెక్క 9కి తగ్గింది. నొప్పి మాత్రం పెద్దగా పెరగలేదు. వచ్చిన బలం నిలవాలంటే వారానికి రెండుసార్లు బరువులతో చేయాల్సిందే, నడక దానికి బదులు కాదు. ఎండలు ముదిరాక నడకను పొద్దున ఆరున్నర లోపు ముగించేలా మార్చి, బరువుల పనిని ఫ్యాను కింద సాయంత్రానికి జరిపాం.

ఆపరేషన్ ప్రశ్న ఇంట్లోవాళ్లు రెండుసార్లు అడిగారు. డెన్మార్క్‌లో సోరెన్ స్కౌ బృందం 2015లో ప్రచురించిన పరీక్షలో, మోకాలి మార్పిడికి తగినవాళ్లను ఎంచుకుని ఒక వర్గానికి ఆపరేషన్ లేకుండా 12 వారాల వ్యాయామం, ఆహార సలహా, అవగాహన, మందులు ఇచ్చారు, రెండో వర్గానికి ముందు ఆపరేషన్ చేసి తర్వాత ఇవే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి మొదటి వర్గంలో సుమారు నాలుగోవంతు మందే ఆపరేషన్‌కు వెళ్లారు. ఆపరేషన్ వర్గంవాళ్లకు నొప్పి ఎక్కువే తగ్గింది, తీవ్రమైన దుష్ఫలితాలూ వాళ్లలోనే ఎక్కువ. ఈమె విషయంలో ఎముకల డాక్టరుతో అనుకున్న హద్దులు ఇవి: ఆపకుండా నడవగలిగే సమయం 10 నిమిషాల లోపుకి పడిపోవడం, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి వారాల తరబడి ఉండడం, సరైన మోతాదులో మూడు నెలలు చేసినా కుర్చీ లెక్కలో, నొప్పిలో కదలిక లేకపోవడం. వీటిలో ఏ రెండు కలిసినా మళ్లీ ఆయన దగ్గరికి పంపుతాం. అప్పటికి తొడ బలం ఎంత ఉంటే ఆపరేషన్ తర్వాత లేచి నడవడం అంత సులువు కాబట్టి, అలా పంపినా ఉప్పు ప్యాకెట్ల సంచి మాత్రం ఆపేది లేదు.